మన కంటికి అందని చోట



ఈ మధ్య మా ఇంటికి వచ్చినవారందరూ వసారాలో గోడకు తగిలించిన కంప్యూటర్ తెర చూసి ఒకటే అడుగుతున్నారు. "అయ్యగారూ, ఇదేంటండీ? సీరియల్ కాదు, క్రికెట్ కాదు, మ్యాపు మీద చీమలు పాకుతున్నట్టు ఉన్నాయి!" అవి చీమలు కావు, విమానాలు. ఈ క్షణాన మన ఊరి చుట్టుపక్కల ఆకాశంలో ఎగురుతున్న విమానాలు. పాస్టరుగారి ఇంట్లో విమానాల రాడార్ ఎందుకని కొందరు అనుకున్నట్టు కూడా మా చెవిన పడింది. అందుకే ఈ వారం దాని గురించే రాస్తున్నాము. అది ఎలా పనిచేస్తుందో, దాని ముందు కూర్చుని మేము ఏమి నేర్చుకున్నామో చెబుతాము.

ముందుగా ఒక మాట. దీనికి కానుకల సొమ్ము ఒక్క రూపాయి కూడా వాడలేదు. కాకినాడలో పాలిటెక్నిక్ చదువుతున్న మా పెద్దబ్బాయి దాచుకున్న డబ్బులు కొన్ని, మా ఇంటి ఖర్చులో మిగిల్చినవి కొన్ని కలిపి, ఆరు వేల రూపాయల లోపే అయింది. తెర మాత్రం సంఘంలో ఒక సహోదరుడు తన దుకాణంలో మూలపడి ఉన్న పాత మానిటర్‌ను ఉచితంగా ఇచ్చారు.

ఎందుకు పెట్టాము?

మన కోనసీమలో గల్ఫుకు వెళ్లినవారు లేని వీధి లేదు. కువైట్, మస్కట్, దోహా, దుబాయి అనే పేర్లు మన పిల్లలకు అమలాపురం, రాజోలు పేర్లంత అలవాటు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పమంటే సగానికి సగం ప్రయాణాల గురించే ఉంటాయి. ఒకరికి టిక్కెట్టు దొరకాలి, ఒకరికి సెలవు దొరకాలి, ఒకరి బిడ్డ ఈ రాత్రి విమానం ఎక్కుతోంది. వేసవిలో డాబా మీద పడుకున్నప్పుడు నడినెత్తిన విమానం మోత వినబడితే, మన పెద్దమ్మలు లేచి కూర్చుని "ఇది ఎక్కడికి పోతోందో" అంటూ అది కనుమరుగయ్యేదాకా చూస్తారు. పెద్దబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు ఆ మాట విని, "నాన్నా, అది మనం తెలుసుకోవచ్చు. ఆ విమానం తానెవరో తానే చెప్పుకుంటూ పోతుంది" అన్నాడు. అక్కడ మొదలైంది ఈ పని.

అడగకుండానే చెప్పే విమానం

పాత రాడార్ పద్ధతిలో నేల మీది యంత్రం రేడియో కెరటాన్ని పైకి పంపుతుంది. అది విమానానికి తగిలి వెనక్కి వస్తే, అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. తరువాత నేల ప్రశ్న అడిగితే విమానంలో ఉన్న ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె జవాబిచ్చే పద్ధతి వచ్చింది. ప్రశ్న 1030 మెగాహెర్ట్జ్ మీద వెళ్తుంది, జవాబు 1090 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. మనం వినే ఎఫ్ఎం రేడియో 88కీ 108కీ మధ్య ఉంటుంది కదా, ఇది దానికి చాలా పైన.

ఇప్పటి పద్ధతిని ఏడీఎస్-బీ అంటారు. ఇందులో ఎవరూ అడగనక్కరలేదు. విమానం ముందుగా ఉపగ్రహాల సాయంతో తానెక్కడున్నదో తాను తెలుసుకుంటుంది. తరువాత ఆ సంగతిని సెకనుకు దాదాపు రెండుసార్లు చొప్పున నలుదిక్కులకూ చాటుతుంది. ఎంత ఎత్తున ఉన్నదీ, ఎంత వేగంతో ఏ దిక్కుకు పోతున్నదీ చెబుతుంది. కొన్ని సెకన్లకొకసారి తన పిలుపు పేరు కూడా చెబుతుంది. ఒక్కో సందేశంలో ఉండేది 112 బిట్లు. అది చెప్పడానికి సెకనులో ఎనిమిది వేలవ వంతు కాలం కూడా పట్టదు. దానికి తాళం లేదు, రహస్యం లేదు. ఎవరు చెవి పెడితే వారికి వినబడుతుంది.

ఈ పద్ధతి వెనుక కన్నీళ్ల చరిత్ర కూడా ఉంది. 1983 సెప్టెంబరు 1న కొరియా దేశపు ప్రయాణికుల విమానం ఒకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. దాన్ని కూల్చివేశారు. 269 మంది చనిపోయారు. తాము దారి తప్పామని విమానం నడిపేవారు గుర్తించలేకపోయారు. ఆ తరువాతనే అమెరికా అధ్యక్షుడు రీగన్, సైన్యం కోసం తయారవుతున్న జీపీఎస్‌ను లోకమంతా వాడుకోవచ్చని ప్రకటించారు. ఈరోజు మన ఫోనులో దారి చూపించేదీ, విమానానికి దాని చోటు తెలిపేదీ అదే.

డాబా మీద కర్ర, వసారాలో తెర

వినడానికి కావలసినవి చాలా చిన్నవి. మొదటిది, అగ్గిపెట్టె కన్నా కొంచెం పొడవుండే యూఎస్‌బీ డాంగిల్. నిజానికి అది కంప్యూటర్‌లో టీవీ చూడడానికి చేసిన వస్తువు. అందులోని చిప్ టీవీ ఒక్కటే కాకుండా ఎన్నో రకాల రేడియో తరంగాలను పట్టగలదని 2012 ప్రాంతంలో కొందరు ఔత్సాహికులు కనిపెట్టారు. అంతకు ముందు వేలకు వేలు పోస్తే గానీ కుదరని పని అప్పటినుంచి సామాన్యుల చేతికి వచ్చింది. ఇటలీ దేశస్థుడు సాల్వతోరె సాన్‌ఫిలిప్పో ఆ డాంగిల్‌తో విమానాల సందేశాలను చదివే 'డంప్1090' అనే ప్రోగ్రాము రాసి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మా ఇంట్లో నడుస్తున్నది దాని వంశంలోదే.

రెండవది రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. అరచేతిలో సగం కూడా ఉండదు. సెల్‌ఫోన్ ఛార్జరు వంటి దానితో నడుస్తుంది, కరెంటు చాలా తక్కువ తాగుతుంది. మూడవది యాంటెన్నా. దీన్ని అబ్బాయి ఇంట్లోనే చేశాడు. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 27.5 సెంటీమీటర్లు, అందులో పావు వంతు 6.9 సెంటీమీటర్లు. ఇంటి వైరింగులో మిగిలిన రాగి తీగను ఆ కొలతకు ఐదు ముక్కలు చేసి, ఒకటి నిలువుగా పైకి, నాలుగు గొడుగు ఊచల్లా కిందికి వంచి ఒక కనెక్టరుకు టంకం పెట్టాడు. బొటనవేలంత ముక్క! దాన్ని జీఐ పైపుకు కట్టి డాబా మీద నిలబెట్టాము. మన ఉప్పుగాలికి రాగి చిలుము పట్టకుండా అతుకుల చుట్టూ టేపు గట్టిగా చుట్టాము.

డాంగిల్ విన్నదాన్ని చిన్న కంప్యూటర్ చదివి మ్యాపు మీద చుక్కలుగా పెడుతుంది. ఆ మ్యాపును వసారాలోని మానిటర్ మీద ఎప్పుడూ తెరిచి ఉంచాము. ఏదైనా చుక్క మీద నొక్కితే దాని పేరు, ఎత్తు, వేగం పక్కన కనబడతాయి. ఐజీఓ అని మొదలైతే ఇండిగో, ఏఐసీ అంటే ఎయిర్ ఇండియా, క్యూటీఆర్ అంటే ఖతార్ వారిది, కేఏసీ అంటే కువైట్ వారిది. మా చిన్నమ్మాయికి ఇవన్నీ ఎక్కాల కన్నా బాగా వచ్చేశాయి. ముప్పై అయిదు వేల అడుగులంటే పది కిలోమీటర్లకు పైన అని, గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోతోందని లెక్క కట్టి, "అమలాపురం నుంచి కాకినాడకు ఐదు నిమిషాలు పట్టదు డాడీ" అంటుంది. ఏటిగట్టు మీద బస్సులో రెండు గంటలు కుదుపులు తిన్న మనకు అది నమ్మబుద్ధి కాదు.

ఈ తెర ముందు రోజూ కొంతసేపు గడుపుతున్నాము. సాయంకాలం పిల్లలు చుట్టూ చేరుతారు. అలా చూస్తూ చూస్తూ మూడు సంగతులు మా మనసులో నిలిచాయి.

మొదటిది: చుక్క చెప్పేది కొంతే

విమానం తానెవరో, ఎక్కడున్నదో చెబుతుంది. ఎక్కడినుంచి బయలుదేరిందో, ఎక్కడికి పోతున్నదో ఆ సందేశాలలో చెప్పదు. తెర మీద ఊళ్ల పేర్లు కనబడితే, అవి ఇంటర్నెట్‌లో వేరే జాబితాలు వెతికి చేర్చినవి. ఇక లోపల ఎవరున్నారన్నది అసలే తెలియదు. వందల మంది ఉన్న విమానమైనా, ఖాళీగా పోతున్న విమానమైనా తెర మీద ఒకటే చుక్క.

మనం ఒకరి గురించి ఒకరు తెలుసుకునేది కూడా చాలాసార్లు ఇంతే. "ఫలానా ఆమె బిడ్డ కువైట్‌లో ఉంది, డాబా వేశారు, బంగారం కొన్నారు" అంటాము. ఎక్కడున్నదో తెలుసు, ఎంత పంపుతున్నదో తెలుసు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నదో, ఆమె మనసులో ఏముందో మనకు తెలియదు. వీడియో కాల్ వచ్చినప్పుడు "బాగానే ఉన్నానమ్మా" అన్న మాట ఒక చుక్క మాత్రమే. ఆ మాట వెనుక మనిషి ఉన్నదని గుర్తుంచుకుని అడిగేవారు కావాలి. "డబ్బులు పంపావా" అన్న ప్రశ్న కన్నా ముందు "అన్నం తిన్నావా తల్లీ" అన్న ప్రశ్న రావాలి. దూరాన ఉన్న మన బిడ్డలు ఇది చదువుతుంటే మా మాట నిజమో కాదో వారే చెప్పగలరు.

రెండవది: కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు

ఇది కాస్త వివరంగా చెప్పాలి.

1090 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు చూపులాగే తిన్నగా పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కనుక, ఎంత మంచి యాంటెన్నా పెట్టినా ఒక హద్దు దాటి వినబడదు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం లెక్క ప్రకారం నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం వరకూ వినబడవచ్చు. విమానం కిందికి దిగేకొద్దీ ఆ దూరం తగ్గిపోతుంది. మనకేమో చుట్టూ కొబ్బరి తోటలు. మా పైపు కన్నా చెట్లే ఎత్తు. తూర్పున సముద్రం వైపు తెరిపి ఉంది కాబట్టి అటు చాలా దూరం అందుతుంది. పడమటి వైపు నూట యాభై కిలోమీటర్లు అందితే గొప్ప. వాన కురిసి ఆకులు తడిసిన రోజున అది ఇంకా తగ్గుతుంది.

అందువల్ల రాజమండ్రి మధురపూడి విమానాశ్రయంలో దిగే విమానాలేవీ మా తెర మీద నేల దాకా రావు. అక్కడికి మన ఊరు అరవై కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి వచ్చే విమానం ఖమ్మం దాటాక చుక్కగా పుడుతుంది. జంగారెడ్డిగూడెం మీదుగా వస్తుంది. రెండు మూడు వేల అడుగులకు దిగేసరికి గోదావరి దగ్గర మాయమవుతుంది. ప్రతిరోజూ, ప్రతి విమానమూ అంతే.

మన సంఘంలో ఒక తల్లి ఉన్నారు. పేరు చెప్పము. భర్త చనిపోయి చాలా కాలమైంది. ఒక్కగానొక్క కుమార్తె అయిదేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. వెళ్లేటప్పటికి మూడేళ్లున్న కుమారుణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లింది. వాడికిప్పుడు ఎనిమిదేళ్లు. మొన్న ఆ బిడ్డకు సెలవు దొరికింది. కువైట్ నుంచి హైదరాబాద్ వరకు ఒక విమానం, అక్కడినుంచి రాజమండ్రికి ఇంకొక విమానం. ఆ ఉదయం అమ్మమ్మ, మనవడు ఇద్దరూ మా వసారాకు వచ్చి కూర్చున్నారు. మేనమామ వరుస అయ్యే అబ్బాయి కారు తీసుకుని మధురపూడి వెళ్లాడు.

"మా పాప ఇమానం ఏదండీ అయ్యగారూ?" అని ఆమె అడిగారు. కాసేపటికి పడమటి అంచున చుక్క పుట్టింది. రెక్కల మీద పంకాలుండే చిన్న విమానం. "ఇదిగోనమ్మా" అని చూపించాము. మనవడు కుర్చీ లాక్కుని తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాడు. వాడికి తల్లి అంటే ఇన్నాళ్లూ ఫోనులో ముఖం. ఇప్పుడు కదిలే చుక్క. వేలితో దాన్ని తోముతూ "రా, రా" అంటున్నాడు. మా ఇంట్లో అమ్మగారు టీ పెట్టి తెచ్చారు గాని ఎవరూ ముట్టలేదు.

గోదావరి దగ్గరికి వచ్చేసరికి రోజూలాగే చుక్క మాయమైంది.

విమానాలు అక్కడికి వచ్చేసరికి కనబడవని వారికి ముందే చెప్పాము. కాని చెవితో వినడం వేరు, కంటితో చూడడం వేరు కదండీ. ఆ తల్లి ముఖం తెల్లబోయింది. "అయ్యగారూ, పోయింది!" అన్నారు. ఆమె భయానికి కారణం ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ విమానం కూలిపోయిన రోజు మనమందరం టీవీల ముందే ఉన్నాము. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బ్రతికారు. నేల మీద ఉన్నవారిలో మరో 19 మంది చనిపోయారు. బయలుదేరిన నిమిషం లోపే సిగ్నల్ ఆగిపోయిందని ఇలాంటి మ్యాపే చూపించి చెప్పారు. ఆ మ్యాపు ఆమె కళ్లలో ఉండిపోయింది.

ఆ క్షణాన ఒక కాపరి ఏమని చెప్పాలి? "ఏమీ కాదమ్మా" అనడం తేలిక. కాని మా దగ్గర ఉన్న యంత్రానికి ఆ సంగతి తెలియదు. చుక్క ఆగిపోతే దాని అర్థం 'నాకు వినబడడం లేదు' అని మాత్రమే. క్షేమంగా దిగినా అంతే చూపిస్తుంది, ఇంకేమైనా జరిగినా అంతే చూపిస్తుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ఓదార్చితే అది ఓదార్పు కాదు.

కాబట్టి మాకు తెలిసినది చెప్పాము. "అమ్మా, మన కర్రకు అంతవరకే చూపు ఉంది. నిన్న వచ్చిన విమానమూ ఇక్కడే మాయమైంది, మొన్నటిదీ ఇక్కడే. మనకు వినబడకపోయినా అక్కడ వినేవారు ఉన్నారు. మధురపూడి టవరులో కూర్చున్నవారికి అది కంటికే కనబడుతుంది. నీ బిడ్డ మన చూపు దాటింది, అంతే. అందరి చూపూ దాటిపోలేదు" అన్నాము. అబ్బాయి గత వారం రోజుల విమానాల దారులన్నీ తెర మీద గీతలుగా పెట్టి చూపించాడు. అన్ని గీతలూ దాదాపు ఒకే చోట తెగిపోయి ఉన్నాయి. ఆమె ఆ గీతల చివర్లను చాలాసేపు చూశారు. తరువాత కొంగు తల మీదికి లాక్కుని మోకరించారు. మేమూ మోకరించాము. మనవడు మాత్రం కుర్చీ దిగలేదు.

ఇరవై నిమిషాలు గడిచాక ఫోను మోగింది. "అమ్మా, దిగాను. సామాను కోసం నిలబడ్డాను" అని. ఆ పిల్లవాడు ఫోను లాక్కుని మొదట అడిగిన ప్రశ్న: "నువ్వు చుక్కలోంచి బయటికొచ్చేశావా?"

ఇక్కడ మీకు ఇంకొక సంగతి చెప్పాలి. 2014 మార్చి 8న మలేషియా విమానం 239 మందితో మాయమైంది. దాని ట్రాన్స్‌పాండర్ మాటలు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి సముద్రం అడుగున వెదికినా అసలు విమానం దొరకలేదు. ఆ కుటుంబాల బాధ చూసి ప్రపంచ దేశాలు నియమాలు మార్చాయి. సముద్రాల మీద ఎగిరే పెద్ద విమానాల చోటు కనీసం పదిహేను నిమిషాలకొకసారి వారి సంస్థకు తెలిసి ఉండాలన్నారు. 2019 నుంచి ఇరిడియం ఉపగ్రహాలలో కూడా ఇలాంటి రేడియో చెవులు పనిచేస్తున్నాయి. నడిసముద్రం మీద నేల యాంటెన్నా ఏదీ అందని చోట విమానం చాటే మాటను ఇప్పుడు పైనుంచి వింటున్నారు. మన డాబా మీద వినికిడి ఆగిపోయిన చోట వినికిడే ఆగిపోలేదు.

మన ప్రార్థనలో కూడా ఇదే జరుగుతుందని మేము నమ్ముతున్నాము. బిడ్డ ఫోను ఎత్తని రాత్రి, ఉత్తరం లేని నెల, ఆసుపత్రి తలుపు మూసుకున్న గంట, ఇవన్నీ మన చూపు హద్దులు. ఆ హద్దు అవతల ఏమి జరుగుతుందో మనకు తెలియదు. కొన్నిసార్లు ఫోను 'దిగాను' అని మోగుతుంది. కొన్నిసార్లు మోగదు. మోగని ఇళ్లకు కూడా మేము వెళ్లి కూర్చున్నాము, కనుక తేలిక మాటలు చెప్పము. కాని మన తెరను లోకానికి చివరి హద్దు అనుకోకూడదని మాత్రం ధైర్యంగా చెబుతాము. మనం వినలేని చోట వినేవాడు ఒకడున్నాడు. ఆ ఇరవై నిమిషాలు మోకాళ్ల మీద ఉండడానికి ఆ తల్లికి బలమిచ్చింది ఆ ఒక్క సంగతే.

మూడవది: ఆపద చెప్పుకోవడం సిగ్గు కాదు

విమానాలకు నాలుగంకెల సంకేతం ఒకటి ఉంటుంది. అందులో మూడు సంఖ్యలు ప్రత్యేకం. 7500 అంటే విమానాన్ని ఎవరో బలవంతంగా పట్టుకున్నారని. 7600 అంటే మాట్లాడే రేడియో పాడైందని. 7700 అంటే ఆపదలో ఉన్నామని. ఇలాంటి సంఖ్య వస్తే మాలాంటి చిన్న తెర మీద కూడా ఆ విమానం ఎర్రగా మారి కనబడుతుంది.

పైలట్ 7700 పెట్టగానే ఏమవుతుందో గమనించండి. "నీకు విమానం నడపడం రాదా" అని ఎవరూ అడగరు. మిగతా విమానాలను పక్కకు తప్పిస్తారు. దగ్గరి రన్‌వే సిద్ధం చేస్తారు. అగ్నిమాపక వాహనాలు వచ్చి నిలబడతాయి. 7600 అయితే ఇంకా చూడవలసిన సంగతి ఉంది. మాట్లాడలేని విమానానికి టవరు నుంచి దీపంతో సైగ చేస్తారు. నిలకడగా వెలిగే పచ్చదీపం చూపిస్తే 'దిగవచ్చు' అని అర్థం. నోరు లేనివారికి కూడా దారి ఏర్పాటు చేసి ఉంచారు!

మరి మన సంఘంలో ఎవరైనా తన 7700 పెడితే ఏమవుతుంది? అప్పు తీర్చలేకపోతున్నానని ఒక రైతు చెబితే, తాగుడు మానలేకపోతున్నానని ఒక యౌవనుడు చెబితే, ఇక్కడ నన్ను కొడుతున్నారని పరాయి దేశం నుంచి ఒక బిడ్డ చెబితే, మనం దారి ఇస్తామా, లేక గడపల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటామా? చాలామంది చెప్పుకోకపోవడానికి కారణం వారి గర్వం కాదు. చెప్పుకుంటే రన్‌వే దొరకదని వారికి తెలుసు. పరాయి దేశంలో ఇబ్బంది పడుతున్న బిడ్డలకు మళ్లీ చెబుతున్నాము. అక్కడి మన దేశపు రాయబార కార్యాలయానికి వెళ్లడం తప్పు కాదు. ఇంటికి నిజం చెప్పడం తప్పు కాదు. ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు చెబుతున్నాము. బిడ్డ "వచ్చేస్తానమ్మా" అంటే, "అప్పు తీరలేదు, ఇంకో ఏడాది ఓర్చుకో" అనేముందు ఆమె గొంతు ఒక్క క్షణం వినండి. అది 7700 కావచ్చు.

పెట్టుకోవాలనుకునేవారికి

పిల్లలున్న ఇంట్లో ఇది మంచి చదువు అని మా అనుభవం. భూమి గుండ్రమని, తరంగానికి పొడవు ఉంటుందని, ఇంగ్లీషు అక్షరాలకు దేశాల పేర్లు ఉంటాయని ఆటలోనే నేర్చుకుంటారు. అయితే మూడు జాగ్రత్తలు చెబుతాము. యాంటెన్నా ఎంత ఎత్తున, ఎంత తెరిపిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది గాని, పిల్లలను చెట్ల మీదికీ కరెంటు తీగల దగ్గరికీ పంపకండి. మన ప్రాంతంలో పిడుగులు ఎక్కువ కనుక, ఉరుములు రాకముందే డాబా మీదినుంచి వచ్చే కేబుల్‌ను డాంగిల్ నుంచి తీసివేయండి. ఇక మూడవది, ఫలానావారు ఫలానా విమానంలో వస్తున్నారని, ఇల్లు ఖాళీగా ఉందని వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటించకండి. తెలిసిన ప్రతి సంగతీ చాటవలసినది కాదు.

ఒకవేళ ఇవేవీ కొనకపోయినా ఫరవాలేదు. మా వసారా తలుపు తెరిచే ఉంటుంది. తెర కింద చిన్న బల్ల మీద రూళ్ల నోటుపుస్తకం ఒకటి ఉంచాము. మీ ఇంటినుంచి ఎవరైనా ప్రయాణం చేస్తుంటే తేదీ, బయలుదేరే ఊరు, చేరే ఊరు అందులో రాసి వెళ్లండి. విమానమే కానక్కరలేదు, బస్సైనా, రైలైనా, రేవు దాటే పంటైనా సరే. ప్రతి సాయంకాలం కుటుంబ ప్రార్థనలో ఆ పుటలోని పేర్లన్నీ చదువుతాము. చేరిన తరువాత వచ్చి పేరు పక్కన 'చేరారు' అని రాయడం మాత్రం మరచిపోకండి. ఈ రోజు వరకు పదకొండు పేర్లు ఉన్నాయి. తొమ్మిదింటి పక్కన ఆ మాట ఉంది. మిగిలిన ఇద్దరు ఈ రాత్రి దారిలో ఉన్నారు. వారిని మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసుకొనండి.

మీ ఆత్మీయ కాపరి కుటుంబము